కంచె చేను మేసినప్పుడు: ఇటలీ ఫుట్‌బాల్ క్రీడలో అధికారము, అక్రమము

1960వ సంవత్సరము జనవరి 10వ తేదీ ఆదివారమునాడు ఇటలీ దేశపు రేడియోలో ఒక క్రొత్త కార్యక్రమము ప్రారంభమయ్యెను. దాని పేరునకు "నిమిష నిమిషమునకు ఫుట్‌బాల్ సమస్తము" అని అర్థము చెప్పుకొనవచ్చును. ఒకే వేళకు పలు నగరములలో జరుగుచున్న ఆటల ఉత్తరార్ధమును, ఒక మైదానము నుండి మరియొక మైదానమునకు మారుచు, వ్యాఖ్యాతలు వినిపించెడివారు. ఇంటిలో రేడియో ముందు కూర్చున్న శ్రోత బంతిని చూడడు, ఆటగానిని చూడడు. తనకు వినవచ్చు కంఠమును నమ్మును. ఆ కంఠము మైదానమున జరిగినదానిని నమ్మును. మైదానమున జరిగినది రిఫరీ ఊదిన ఈలపై ఆధారపడి యుండును. ఈ నమ్మకముల గొలుసు ఎక్కడ తెగినను శ్రోత విన్నది ఆట కాదు, కట్టుకథ యగును.

మరి ఆ రిఫరీ ఎవరిపై ఆధారపడి యున్నాడు? ఏ ఆటకు ఏ రిఫరీ పోవలెనో నిర్ణయించువారెవరు? ఆ నిర్ణయించువారిని నియమించువారెవరు? ఈ ప్రశ్నలు పైకి చిన్నవిగా కనిపించును. కాని నూరేండ్లుగా ఇటలీ ఫుట్‌బాల్‌ను కుదిపివేయుచున్న కుంభకోణముల మూలము వీనిలోనే యున్నది. ఆ చరిత్రను మనము కొంత పరిశీలింతము.

ముందుగా అచ్చట ఈ క్రీడ నడచు తీరును తెలిసికొనవలెను. 1898లో ఏర్పడిన ఫెడరేషను క్రీడకంతకును పెద్ద. దాని నీడలో క్లబ్బులన్నియు చేరి ఏర్పరచుకొన్న లీగు పోటీలను నడపును. పోటీలు శ్రేణులుగా విభజింపబడి యున్నవి. ప్రథమ శ్రేణిలో 20 క్లబ్బులు కలవు. ఏటేట అట్టడుగున నిలిచిన మూడు క్లబ్బులు ద్వితీయ శ్రేణికి జారిపోవును. అచ్చటినుండి మూడు క్లబ్బులు పైకెక్కును. ప్రథమ శ్రేణిలో గెలిచిన క్లబ్బు మరుసటి సంవత్సరమంతయు తన ఆటగాండ్ర చొక్కాలపై మూడు వన్నెల చిన్న డాలు గుర్తును ధరించును. ఆ గుర్తు కొరకే ఈ పోరాటమంతయు.

రిఫరీల సంఘము ఫెడరేషనులో ఒక భాగము. తప్పు చేసినవారిని విచారించుటకు ఫెడరేషనునకు సొంత న్యాయసభలు కలవు. ఇవి ప్రభుత్వ న్యాయస్థానములు కావు; ఎవరిని చెరసాలకు పంపజాలవు. కాని క్లబ్బు సంపాదించిన పాయింట్లను తగ్గించగలవు, క్లబ్బును దిగువ శ్రేణికి దించగలవు, దోషిని జీవితాంతము క్రీడకు దూరము చేయగలవు. ఇంతవరకు ఏర్పాటు బాగుగనే యున్నది. కాని ఒక చిక్కు కలదు. లీగు పెద్దలను ఎన్నుకొనువారు క్లబ్బుల పెద్దలే. ఫెడరేషను అధ్యక్షుని ఎన్నికలోను క్లబ్బులకు వోట్లు కలవు. అనగా కాపలా కాయవలసినవాని ఉద్యోగము, ఎవరిని కనిపెట్టి యుండవలెనో వారి చేతిలోనే కొంత యున్నదన్నమాట. కంచె చేను మేయుటకు వలసిన ఏర్పాటు ఆదినుండియు అచ్చట సిద్ధముగనే యుండెను.

మొదటి పెద్ద కుంభకోణము 1927 నాటిది. 1926-27 పోటీలో ట్యూరిన్ నగరమునకు చెందిన టొరీనో క్లబ్బు విజేతగా నిలిచెను. అదే నగరమునకు చెందిన ప్రత్యర్థి క్లబ్బు యువెంటస్. ఈ రెండింటికిని జరిగిన ఆటలో ఓడిపోవుటకై యువెంటస్ ఆటగాడు అల్లెమాండికి టొరీనో అధికారి యొకడు లంచము ఆశ చూపెనని ఆరోపణ వచ్చెను. ఫెడరేషను విచారించి టొరీనో విజయమును రద్దుచేసెను. అల్లెమాండిని జీవితాంతము బహిష్కరించెను. అప్పటి ఫెడరేషను అధ్యక్షుడు అర్పినాటి బొలోన్యా నగరపు ఫాసిస్టు నాయకుడు. ఆ పోటీలో రెండవ స్థానమున నిలిచినది బొలోన్యా క్లబ్బే. విజేత పదవి ఎవరికిని ఈయబడలేదు. ఆ సంవత్సరపు గడి నేటికిని ఖాళీగనే యున్నది. కాని జీవితాంతమన్న శిక్ష కొలది కాలములోనే రద్దయ్యెను. అదే అల్లెమాండి 1934లో ప్రపంచ కప్పును గెలిచిన ఇటలీ జట్టులో ఆడెను. శిక్షను గట్టిగా ప్రకటించుట, పిమ్మట మెల్లగా సడలించుట అను సంప్రదాయమునకు ఇది నాంది.

రెండవ ఘట్టము 1980 నాటిది. దీనిని గ్రహింపవలెనన్నచో పందెముల సంగతి కొంత తెలియవలెను. 1946 నుండి ఆ దేశమున ఆటల ఫలితములపై చట్టసమ్మతమైన పందెము నడచుచుండెను. ఆదివారము జరుగు ఆటల పట్టికలో, సొంత మైదానమున ఆడు జట్టు గెలుచునన్నచో 1, పరజట్టు గెలుచునన్నచో 2, సమానమన్నచో ఎక్స్ అని ప్రజలు గుర్తులు పెట్టెడివారు. దీనికి తోడుగా చాటుమాటున మరియొక పందెము నడచెను. దానిని జనులు "నల్ల పందెము" అనిరి. చట్టసమ్మతమైనదానిలో పలు ఆటల ఫలితములను ఒక్కసారిగా ఊహింపవలెను. నల్ల పందెములో ఒక్క ఆటపైననే పెద్ద మొత్తము కాయవచ్చును. ఒక్క ఆట ఫలితము ముందుగా తెలిసినచో చాలును, కాసులు కురియును.

రోము నగరమున ఒక పండ్ల వర్తకుడును, ఆతడు పండ్లు సరఫరా చేయు భోజనశాల యజమానియు ఉండిరి. ఆ భోజనశాలకు లాజియో క్లబ్బు ఆటగాండ్రు వచ్చుచుండెడివారు. ఆ పరిచయముతో వీరు ఆటగాండ్రకు సొమ్ము ముట్టజెప్పి, ఫలితములను ముందుగా కుదుర్చుకొని పందెములు కాసిరి. కాని సొమ్ము పుచ్చుకొన్నవారు మాట నిలుపుకొనలేదు. ఫలితములు తలక్రిందులై వర్తకుడు అప్పులపాలయ్యెను. దొంగకు తేలు కుట్టినచో కిక్కురుమనడని మన సామెత. ఈ వర్తకుడు మాత్రము బిగ్గరగా అరచెను. తాను మోసపోయితినని 1980 మార్చి నెలారంభమున ప్రభుత్వ న్యాయవాదికి ఫిర్యాదు చేసెను. మార్చి 23వ తేదీన ఆటలు ముగియగానే పోలీసులు మైదానములకు వచ్చి పలువురు ఆటగాండ్రను నిర్బంధించిరి.

ఫెడరేషను న్యాయసభ మిలాన్, లాజియో క్లబ్బులను ద్వితీయ శ్రేణికి దించెను. మిలాన్ అధ్యక్షుడు కొలంబో బహిష్కృతుడయ్యెను. పేరుపొందిన ఆటగాడు పావొలో రోస్సీకి రెండేండ్ల నిషేధము కలిగెను. తాను నిర్దోషినని అతడు తుదివరకు చెప్పుచునే యుండెను. నిషేధము తీరిన కొలది వారములకే, 1982లో స్పెయిన్ దేశమున జరిగిన ప్రపంచ కప్పులో అతడు 6 గోలులు చేసి, ఇటలీకి కప్పును సంపాదించి పెట్టెను. దేశమంతయు అతనిని భుజములపై మోసినది. ప్రభుత్వ న్యాయస్థానమున కేసు మరియొక విధముగా ముగిసెను. ఆటను అమ్ముట తప్పేకాని, దానిని నేరమనుటకు తగిన చట్టము లేదని నిందితులందరు విడుదలయిరి. ఆ లోపమును పూరించుటకు తొమ్మిదేండ్లు పట్టెను. క్రీడలో మోసము శిక్షార్హమైన నేరమని 1989 డిసెంబరులో 401వ నంబరు చట్టము వచ్చెను.

ఇంతవరకు మనము చూచినవి సొమ్ము చేతులు మారిన కథలు. 2005లోను ఇట్టిది యొకటి జరిగెను. ద్వితీయ శ్రేణిలో గెలిచి పైకెక్కవలసిన జెనోవా క్లబ్బు, చివరి ఆటలో వెనీజియా క్లబ్బుపై గెలిచిన పిమ్మట, వెనీజియా అధికారి కారులో ఒక పెట్టె దొరికెను. అందులో రెండున్నర లక్షల యూరోలుండెను. జెనోవా పైకెక్కుటకు బదులు తృతీయ శ్రేణికి దిగజారెను. ఇట్టి కథలలో దొంగను పట్టుట సులభము. పెట్టె కనిపించును, నోట్లు కనిపించును. మరుసటి సంవత్సరము బయటపడిన వ్యవహారములో పెట్టెలు లేవు. టెలిఫోను మాటలు మాత్రమే యున్నవి. అందువలననే అది అన్నిటికంటె గొప్ప పాఠము.

ఆ కథకు కేంద్రము యువెంటస్ క్లబ్బు. 1923 నుండి ఆ క్లబ్బు ఫియట్ మోటారు కర్మాగారముల యజమానులైన ఆన్యెల్లీ కుటుంబము చేతిలో నున్నది. 1994లో ఆ కుటుంబమువారు క్లబ్బు నిర్వహణను వృత్తి నిపుణులకు అప్పగించిరి. ధనవ్యవహారములకు జిరావుదో, ఆటగాండ్ర కొనుగోళ్లకు లుచానో మొజ్జీ పెద్దలయిరి. రైల్వే ఉద్యోగిగా జీవితమును ప్రారంభించిన మొజ్జీ ఆటగాండ్ర విలువను కట్టుటలో అందె వేసిన చేయి. 2003 జనవరిలో కుటుంబ పెద్ద జొవాన్ని ఆన్యెల్లీ, 2004 మే నెలలో ఆయన తమ్ముడు ఉంబెర్తో మరణించిరి. యజమానుల ఇంట పెద్దదిక్కు లేని ఆ వేళ నిర్వాహకుల మాటకు అడ్డు లేకుండెను.

ఆ సంవత్సరమే ట్యూరిన్ నగరపు ప్రభుత్వ న్యాయవాదులు వేరొక కేసు సందర్భమున కొన్ని టెలిఫోనులు వినిరి. పిమ్మట నేపుల్స్ నగరమువారు 2004-05 పోటీ జరుగుచున్న కాలమంతయు వేలకొలది సంభాషణలను రికార్డు చేసిరి. 2006 మే నెలలో ఆ సంభాషణలు పత్రికల కెక్కెను. వానిలో మొజ్జీ తరచుగా మాటలాడినది ఎవరితో? రిఫరీలను ఆటలకు నియమించు అధికారులైన బెర్గామో, పైరెత్తోలతో.

రిఫరీలను చీట్లు తీసి నియమింతురు గదా, అందులో ఎవరి ప్రమేయము ఏమున్నదని మనకు సందేహము కలుగవచ్చును. ఇక్కడనే కిటుకు ఉన్నది. వారమునకు పది ఆటలు. వానిని గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపునకు ఎదురుగా కొందరు రిఫరీల పేర్లు పెట్టుదురు. ఆ గుంపు లోపల మాత్రమే చీట్లు తీయుదురు. ఏ ఆటతో ఏ ఆటను చేర్చవలెను, ఏ రిఫరీలను ఎదుట పెట్టవలెను అన్నది అధికారి చేతిలోని పని. ఫలానా రిఫరీ ఫలానా క్లబ్బు ఆటను మొన్ననే నడపెను గనుక ఇప్పుడు నడపరాదు వంటి నియమములు కూడ కలవు. కావున గుంపును నేర్పుగా కూర్చినచో చీటీకి మిగులు పని మిక్కిలి స్వల్పము. ఏ గుంపులో ఎవరుండవలెనన్న విషయమును గూర్చియే ఈ టెలిఫోను సంభాషణలు. వినబడకుండుటకై మొజ్జీ స్విట్జర్లండు దేశపు టెలిఫోను కార్డులను పంచిపెట్టెనని కూడ విచారణలో తేలెను.

ఒక్క సంఘటనను జ్ఞాపకముంచుకొనిన చాలును. 2004 నవంబరు 6వ తేదీన రెజ్జినా అను చిన్న క్లబ్బు చేతిలో యువెంటస్ 2-1 గోలులతో ఓడెను. ఆట ముగిసిన పిమ్మట మొజ్జీ, జిరావుదో రిఫరీ గదికి పోయి అతనిని దూషించిరి. అతనిని గదిలో పెట్టి తాళము వేసితినని పిమ్మట మొజ్జీ టెలిఫోనులో గొప్పగా చెప్పుకొనెను. తాళము నిజముగా వేసెనా, ప్రగల్భమా అన్నది మనకు ముఖ్యము కాదు. ఆ రిఫరీ జరిగిన దూషణను తన నివేదికలో వ్రాయలేదు. అదియే ముఖ్యము. మైదానమున ఇరువదిరెండుగురు ఆటగాండ్రపై అధికారము గలవాడు, తన గదిలోనికి వచ్చి తిట్టినవారిపై ఒక్క వాక్యము వ్రాయుటకు జంకెను. లంచము పుచ్చుకొన్నందున కాదు. తన రేపటి నియామకము ఎవరి మాటపై నడచునో అతనికి తెలియును గనుక. భయము ఉన్నచోట లంచముతో పని లేదు.

రిఫరీలొక్కరేనా? ఆటగాండ్ర ఒప్పందములను చూచు ఒక పెద్ద సంస్థకు మొజ్జీ కుమారుడే అధ్యక్షుడు. అప్పటి లీగు అధ్యక్షుడు గల్లియానీ స్వయముగా మిలాన్ క్లబ్బు ఉపాధ్యక్షుడు. ఆ క్లబ్బు యజమాని బెర్లుస్కోనీ, టెలివిజన్ కేంద్రముల అధిపతి, 2006 వసంతకాలము వరకు దేశ ప్రధానమంత్రి. అమ్మువాడు, కొనువాడు, తూచువాడు, తూనికను తనిఖీ చేయువాడు అందరును ఒకే పందిరి క్రింద కూర్చున్న సంత యది.

సంభాషణలు వెల్లడి కాగానే ఫెడరేషను అధ్యక్షుడు కర్రారో రాజీనామా చేసెను. యువెంటస్ డైరెక్టర్ల బోర్డు మూకుమ్మడిగా తప్పుకొనెను. న్యాయశాస్త్ర కోవిదుడైన గ్విడో రోస్సీని ఫెడరేషనునకు ప్రత్యేకాధికారిగా నియమించిరి. జూలై 9వ తేదీన బెర్లిన్ నగరమున ఇటలీ జట్టు ప్రపంచ కప్పును గెలిచెను. అయిదు దినముల పిమ్మట న్యాయసభ తీర్పు వెలువడెను. యువెంటస్ తన 2005 విజేత పదవిని పోగొట్టుకొని, చరిత్రలో మొదటిసారిగా ద్వితీయ శ్రేణికి దిగెను. అచ్చట 30 పాయింట్ల లోటుతో మొదలిడవలెనన్న శిక్ష అప్పీళ్లలో 17కు, తుదకు 9కి తగ్గెను. 2006 విజేత పదవిని మిలాన్ నగరపు మరియొక క్లబ్బు ఇంటర్‌కు ఇచ్చిరి. మిలాన్, ఫియొరెంటినా, లాజియో, రెజ్జినా క్లబ్బుల పాయింట్లు తగ్గించిరి. మొజ్జీకి అయిదేండ్ల నిషేధము. 2011లో అది జీవితాంత బహిష్కారముగా మారెను. ఫలానా ఆటను ఫలానా మొత్తమునకు అమ్మిరని తీర్పు చెప్పలేదు. పోటీని న్యాయముగా నడుపవలసిన యంత్రాంగమునే తమకు అనుకూలముగా త్రిప్పుకొనిరని చెప్పెను. ఈ భేదము గమనింపదగినది.

ప్రభుత్వ న్యాయస్థానము మాట యేమి? 2011 నవంబరులో నేపుల్స్ న్యాయస్థానము మొజ్జీకి 5 సంవత్సరముల 4 నెలల శిక్ష విధించెను. 2013 డిసెంబరులో అప్పీలు న్యాయస్థానము దానిని 2 సంవత్సరముల 4 నెలలకు తగ్గించెను. 2015 మార్చిలో అత్యున్నత న్యాయస్థానము, కాలపరిమితి దాటిపోయినదని కేసును ముగించెను. అతడు ఒక్క దినమైనను ఆ శిక్షను అనుభవింపలేదు. ఇంతలో 2011లో మరియొక సంగతి తేలెను. ఇంటర్ క్లబ్బు దివంగత అధ్యక్షుడు ఫక్కెత్తి కూడ నాడు అదే అధికారులతో టెలిఫోనులో మాటలాడెననియు, అదియు విచారింపదగినదేననియు, కాని కాలపరిమితి దాటినదనియు ఫెడరేషను న్యాయవాది వ్రాసెను. 2006లో వచ్చిన విజేత పదవి ఇంటర్ వద్దనే యుండిపోయెను. క్రీడా న్యాయము రెండు నెలలలో ముగిసి తొందరపడెనన్న నింద పొందెను. ప్రభుత్వ న్యాయము తొమ్మిదేండ్లు నడచి గడువు దాటిపోయెను. నష్టపోయినవారికి రెండింటి వలనను తృప్తి కలుగలేదు.

ఇక క్లబ్బుల లోపలి అధికార పోరాటములను చూతము. ఇటలీలో వృత్తి క్లబ్బులు 1966 నుండి వ్యాపార కంపెనీలుగా మారవలసివచ్చెను. 1998లో లాజియో, పిమ్మట రోమా, యువెంటస్ క్లబ్బుల వాటాలు బజారులో అమ్మకమునకు వచ్చెను. క్లబ్బు గెలుపు యజమానికి ప్రతిష్ఠ తెచ్చును; ఆ ప్రతిష్ఠ ఆయన ఇతర వ్యాపారములకు అప్పు తెచ్చును. కాని వ్యాపారము కూలిన దినమున క్లబ్బు కూడ కూలును. డబ్బాలలో ఆహారపదార్థముల నమ్ము చిరియో కంపెనీ 2002లో అప్పు తీర్చలేకపోగా, దాని అధిపతి క్రాన్యొత్తి లాజియోను వదలుకొనవలసివచ్చెను. పాల వ్యాపారియైన పర్మలాత్ కంపెనీ 2003 డిసెంబరులో కూలగా, దాని యజమాని తాన్జీ చేతిలోని పర్మా క్లబ్బు దిక్కులేనిదయ్యెను. అదే పర్మా 2015లో మరల దివాలా తీసెను. ఆ సంవత్సరము మైదానమున కాపలా కాయువారికి కూలి ఈయలేక ఒక ఆటయే వాయిదా పడెను. యూరపు ఖండమున కప్పులు గెలిచిన ఆ క్లబ్బు నాలుగవ శ్రేణినుండి తిరిగి మొదలిడవలసివచ్చెను.

మిలాన్ కథ మరియొక తీరుది. 1986లో దానిని కొన్న బెర్లుస్కోనీ ముప్పదియొక్క సంవత్సరములు యజమానిగా నుండెను. చివరి దినములలో ఆయన కుమార్తెకును, పాత నిర్వాహకుడు గల్లియానీకిని పొసగక, 2013 డిసెంబరులో అధికారమును ఇద్దరికి పంచిరి. వ్యాపార మొకరికి, ఆట మరియొకరికి. ఒక ఒరలో రెండు కత్తులు ఎంతకాలము ఇముడును? 2017లో క్లబ్బు 74 కోట్ల యూరోల విలువకు ఒక చైనా వ్యాపారి వశమయ్యెను. ఆయన అందులో కొంతభాగమును ఒక అమెరికా పెట్టుబడి సంస్థ వద్ద అప్పు తెచ్చెను. మరుసటి సంవత్సరము కిస్తీ కట్టలేక క్లబ్బును ఆ సంస్థకే వదలెను. 2024 మే నెలలో ఇంటర్ క్లబ్బునకును ఇదే గతి పట్టెను. తన 20వ విజేత పదవిని గెలిచి ఉత్సవములు జరుపుకొన్న కొలది వారములకే, యజమాని బాకీ తీర్చలేనందున, అది అప్పిచ్చినవారి పరమయ్యెను. మైదానమున గెలిచిన జట్టు పద్దుల పుస్తకములో ఓడెను.

ఈ పద్దుల పుస్తకములోనే కడపటి కుంభకోణము పుట్టెను. దానిని మన ఊరి సంత పోలికతో చెప్పుకొందము. రామయ్యకు ఒక ఎద్దు, సోమయ్యకు ఒక ఎద్దు ఉన్నవి. ఒక్కొక్కదాని విలువ పదివేల రూపాయలు. రామయ్య తన ఎద్దును సోమయ్యకు లక్ష రూపాయలకు అమ్మినట్లును, సోమయ్య ఎద్దును లక్షకు కొన్నట్లును వ్రాసుకొనెను. సోమయ్య కూడ అట్లే వ్రాసెను. ఒక్క రూపాయి చేతులు మారలేదు. కాని అమ్మకమువలన తొంబదివేలు లాభము వచ్చినదని ఇద్దరును ఈ సంవత్సరమే చూపుదురు. కొన్న ధరను మాత్రము ఎద్దు పనిచేయు అయిదేండ్లకు పంచి, ఏటికి ఇరువదివేల చొప్పున ఖర్చు వ్రాయుదురు. ఈ ఏడు ఇద్దరి పుస్తకములలోను డెబ్బదివేల లాభము! రాబోవు నాలుగేండ్ల భారము మాత్రము అట్లే యుండును. దానిని కప్పుటకు మరల ఎద్దులను మార్చుకొనవలెను. ఎద్దుల స్థానమున యువ ఆటగాండ్రను పెట్టినచో ఇటలీ క్లబ్బుల కథ యగును. ఇట్టి మార్పిళ్లకు 2018లో కియేవో క్లబ్బునకు 3 పాయింట్ల శిక్ష పడెను.

2022 ఏప్రిలులో యువెంటస్‌తో సహా పలు క్లబ్బులపై ఇదే ఆరోపణ విచారణకు రాగా, ఆటగాని నిజమైన విలువ ఇంతయని నిర్ణయించు కొలబద్ద లేదని అందరిని విడిచిపెట్టిరి. కాని ట్యూరిన్ న్యాయవాదులు మరల టెలిఫోనులు విని, కాగితములు చేజిక్కించుకొనిరి. 2020లో కరోనా వ్యాధి కాలమున ఆటగాండ్రు నాలుగు నెలల జీతమును వదలుకొనిరని క్లబ్బు ప్రకటించి, లోపల మాత్రము అందులో అధికభాగమును తరువాత చెల్లింతుమని విడిగా మాట ఇచ్చినదన్న ఆరోపణయు చేరెను. తాము తప్పు చేయలేదని క్లబ్బు వాదించెను. 2022 నవంబరు 28వ తేదీన అధ్యక్షుడు ఆండ్రేయా ఆన్యెల్లీతో సహా బోర్డు మొత్తము రాజీనామా చేసెను. ఆయన ఉంబెర్తో కుమారుడు. 2006లో నిర్వాహకులు ముంచిన ఇంటిని నిలబెట్టుటకు 2010లో వచ్చి, వరుసగా తొమ్మిది పోటీలు గెలిచిన కాలమునకు అధ్యక్షత వహించినవాడు. పదునారేండ్ల వ్యవధిలో అదే బోర్డు రెండవసారి ఖాళీ అయ్యెను. 2023 జనవరిలో 15 పాయింట్లు కోసిరి. ఏప్రిలులో అవి తిరిగి ఇచ్చిరి. మే నెలలో మరల 10 కోసిరి. పోటీ నడుచుచుండగనే పట్టిక పైకి క్రిందికి ఊగెను. ఏ జట్టు ఏ స్థానమున నున్నదో ఆడువారికే తెలియని స్థితి యది.

ఈ నూరేండ్ల కథను ఒక్కసారి వెనుదిరిగి చూచినచో ఏమి కనబడును? 1927లోను, 1980లోను అక్రమము ఆటగాని జేబులో నుండెను. 2006లో నిర్వాహకుని టెలిఫోనులో నుండెను. 2022లో బోర్డు గదిలోని పద్దుల పుస్తకమున నుండెను. అది మెట్టు మెట్టుగా మైదానమునుండి మేడ పైకెక్కెను. ఎక్కిన కొలదియు కంటికి కనబడుట తగ్గెను, దానివలని కీడు పెరిగెను. కాని మూలము మాత్రము ఒక్కటే. తూకము వేయువాడు, తూకము వేయించుకొనువానిపై ఆధారపడి యుండుట.

కావున విరుగుడు కూడ అక్కడనే యున్నది. 2017 నుండి అచ్చట రిఫరీకి తోడుగా టెలివిజన్ దృశ్యములను చూచి తప్పులు దిద్దు పద్ధతి వచ్చెను. అది మంచిదే, కాని ఆ దృశ్యములను చూచువాడును ఒకరిచే నియమింపబడిన మనుష్యుడే. 2024లో ఇటలీ ప్రభుత్వము క్లబ్బుల లెక్కలను పరిశీలించుటకు ఫెడరేషను చేతిలో లేని స్వతంత్ర కమిషనును చట్టము ద్వారా ఏర్పరచెను. ఫెడరేషనువారు దానిని ఇష్టపడలేదు. ప్రభుత్వము చేయి పెట్టినచో క్రీడకు స్వాతంత్ర్యము పోవునన్నది వారి వాదము. ఆ వాదములో బలము లేకపోలేదు. అర్పినాటి కాలమును చూచిన దేశము గదా! అయినను, తన లెక్కలను తానే తనిఖీ చేసికొను స్వాతంత్ర్యము ఎవరికిని మేలు చేయదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఒక్క మాట చెప్పి ముగింతము. ఈ కుంభకోణములలో పెద్దలు పదవులు పోగొట్టుకొనిరి, కొందరు తిరిగి సంపాదించుకొనిరి. కాని టిక్కెట్టు కొని ఎండలో కూర్చున్న ప్రేక్షకునికి, ఆదివారము మధ్యాహ్నము రేడియో ప్రక్కన చెవి యొగ్గిన శ్రోతకు ఎవరును ఏమియు తిరిగి ఈయలేదు. ఈయగలిగినదియు లేదు. 2005లో తాను విని, ఉలికిపడి, సంతోషించిన గోలు నిజమైనదో కాదో అతడు ఇక ఎన్నటికిని ఎరుగడు. క్రీడలో దొంగిలింపబడునది డాలు గుర్తు కాదు, సొమ్ము కాదు. రేపు ఏమగునో ఎవరికిని తెలియదన్న ఆ చిన్న ఆనందము. దానికి కాపలా కాయువాడు ఎవరికిని లోబడనివాడై యుండవలెను. ఈల ఊదువాడు వెనుకకు తిరిగి చూడనవసరము లేనినాడే ఆట ఆటగా నుండును.